ఏడు బిస్మిల్లాల వేడి

సమర్‌కంద్,
3 మార్చి 1998

నఫోసత్ అక్కకి,

అస్సలాము అలైకుం. ఈ ఉత్తరం తెచ్చిన బస్సు డ్రైవర్ మామత్ అన్నకి ఒక కప్పు టీ పొయ్యి. పొయ్యకపోతే ఈసారి నా ఉత్తరాన్ని కనుమ మీద చలిమంటలో వేస్తానని బెదిరించాడు. కాగితం కాలడం రసాయన మార్పు. బూడిదని ఎంత బతిమాలినా మళ్ళీ ఉత్తరం కాదు. చింపితే మాత్రం భయం లేదు, అది ఉత్త భౌతిక మార్పు. ముక్కలు పేర్చుకుని చదువుకోవచ్చు.

ఈ పాండిత్యం ఎక్కణ్ణుంచి ఊడిపడిందా అని నోరు తెరవకు. నీ తమ్ముడు ఇప్పుడు సారు. మా ఇన్‌స్టిట్యూట్‌లో చివరి ఏడాది వాళ్ళని రెండు నెలల పాటు బళ్ళ మీదికి తోలతారు. నాకు ఏడో తరగతి దక్కింది. ముప్పై ఒక్క మంది. పాఠం: పదార్థంలో భౌతిక, రసాయన మార్పులు. కొత్త పదార్థం పుట్టకపోతే భౌతిక మార్పు, పుడితే రసాయన మార్పు. టీలో పటికబెల్లం కరిగింది, తీపి అలాగే ఉంది, నీళ్ళు ఇగిరిస్తే మళ్ళీ పలుకులు కడుతుంది. భౌతికం. తందూరులో పిండి రొట్టె అయింది, దాన్ని మళ్ళీ పిండి చెయ్యడం మన అమ్మమ్మ వల్ల కూడా కాదు. రసాయనం.

ఇంతవరకూ బండి బాగానే నడిచింది. అప్పుడు మొదటి బల్లలో కూర్చునే మోహినూర్ అనే పిల్ల లేచి, "సార్, నవ్రూజ్ పండక్కి వండే సుమలక్‌లో చక్కెర వెయ్యరు కదా, మరి తీపి ఎక్కణ్ణుంచి వస్తుంది?" అంది. నాకు తెలీదు. తెలీదని చెప్పడం సార్లకి అలవాటు లేని పని. "ఎవరూ చూడకుండా వేస్తారమ్మా" అన్నాను. తరగతి మొత్తం నా వైపు చూసిన చూపు నేను జన్మలో మరిచిపోను. మర్నాడు ఒక పిల్ల నాయనమ్మ కర్ర పట్టుకుని బడికొచ్చింది. నేను ప్రయోగశాల బీరువా వెనక నుంచి ఆమెని దర్శించుకున్నాను.

కాబట్టి నిజం రాయి. మీరు చక్కెర వేస్తారా, వెయ్యరా?

ఇంకో ఉదాహరణ కూడా తయారు చేశాను, పిల్లలకి చెప్పలేదు. పెళ్ళికి ముందు నా టోపీ నేల మీద పడితే నువ్వు దాని మీద కూర్చునేదానివి. ఫిబ్రవరిలో నేను మీ ఇంటికి వచ్చినప్పుడు తీసి, దులిపి, రెండు చేతులతో ఇచ్చావు. కొత్త పదార్థం పుట్టింది. పెళ్ళి రసాయన మార్పే. తాను రవ్వంత కూడా మారకుండా పక్కవాళ్ళని మార్చేసేదాన్ని మా పుస్తకంలో ఉత్ప్రేరకం అంటారు. మీ ఇంట్లో ఆ పని మీ అత్తగారు చూసుకుంటున్నారని నా అభిప్రాయం.

ఫోను చేద్దామంటే అది మీ హాల్లో ఉంది. "ఊఁ", "ఆఁ", "అంతా బాగున్నాం" తప్ప నీ నోట ఇంకో మాట రాదు. ఉత్తరమే నయం.

సుద్దపొడిలో తెల్లబడ్డ నీ తమ్ముడు,
ఉక్తం

*

షహ్రిసబ్జ్,
7 మార్చి

ఒరేయ్ ఉక్తం,

వ అలైకుం అస్సలాం. మామత్ అన్న రెండు కప్పులు తాగాడు, ఒకటి నీ ఖాతాలోదట.

ఉత్తరం నయమన్నావు కదా, విను. అది వచ్చేసరికి నేను తందూరు దగ్గర ఉన్నాను. మీ బావ విప్పి అందరి మధ్యలో కూర్చుని గట్టిగా చదివాడు. ఉత్ప్రేరకం దగ్గరికి వచ్చేసరికి గొంతు సన్నబడింది. అత్తయ్య వదుల్తుందా?

"అదేంట్రా బోతిర్?"

"గౌరవం అమ్మా. పట్నంలో పెద్దవాళ్ళని అలా అంటారు."

మూడు రోజులుగా పక్కింటివాళ్ళకి చెబుతోంది. "మా కోడలి తమ్ముడు సారు. నన్ను ఉత్ప్రేరకం అన్నాడు" అని. నువ్వు ఈ ఊరొచ్చేలోగా ఆ మాటకి మంచి అర్థం ఏదైనా కనిపెట్టు.

ఇక చక్కెర సంగతి. సుమలక్‌లో చక్కెర వేసే ఆడది ఈ ఊళ్ళో పుట్టలేదు. గోధుమ మొలకల పాలు, పిండి, నూనె, నీళ్ళు. అడుగంటకుండా ఏడు గులకరాళ్ళు. అంతే. ఇరవై రెండేళ్ళు గిన్నెలు నాకావు, ఒక్కసారైనా వండేటప్పుడు చూశావా? ఆ దరిదాపులకి మగాళ్ళని రానివ్వకపోవడం ఎంత మంచిదో నీ ఉత్తరం చదివాక తెలిసింది.

ఇప్పుడు అసలు సంగతి. కంగారుగా ఉందిరా. ఈ నవ్రూజ్‌కి మా వీధి సుమలక్ మొత్తం మా వాకిట్లో. మొలకలు కట్టే పని అత్తయ్య నాకిచ్చింది. కొత్త కోడలి మొదటి మొలకలతో కొప్పెర తీపిగా దిగితే ఆ పిల్లది తీపి చెయ్యి. మరుసటి ఏడు నుంచి తెడ్డు ఆమెకే ఇస్తారు. దిగకపోతే? పక్క వీధిలో ఒకావిడది పదహారేళ్ళ కిందట చెడిపోయిందట. ఇవాళ్టికీ పెళ్ళిళ్ళలో ఆమె చేత పలావుకి క్యారెట్లు కూడా తరిగించరు.

అందుకే చీకటి గది తాళం నా నడుముకే ఉంది. నమాజుకి ముందులాగే కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకుని వెళ్ళి నీళ్ళు చల్లి వస్తాను. ఇంకెవరి చూపూ పడకూడదు. నిన్నటికి గింజలు ఉబ్బాయి. ఇది భౌతికమా, రసాయనమా, సారు?

వంటకి పెద్ద దిక్కు హోజర్ అవ్వ. ఎనభై దాటిన మనిషి. ఆవిడ లెక్క ఒకటుంది. కొప్పెరలో వేలు పెట్టి నిదానంగా ఏడు సార్లు బిస్మిల్లా అనగలగాలి. ఏడూ అయ్యేలోగా వేలు కాలితే మంట ఎక్కువైనట్టు. మధ్యాహ్నం నమాజు దాకా అదే వేడి, ఆ తర్వాతే మంట పెంచడం. అత్తయ్యకేమో ఈ ఏడు మల్బరీ కట్టెలు వద్దు. పెద్దబావగారు తాష్కెంట్ నుంచి మూడు వరసల గ్యాస్ పొయ్యి పంపారు. దాని మీద గుడ్డ కప్పి, రోజూ తీసి చూసుకుంటోంది. అవ్వ దాన్ని ఒకసారి చూసి, "ఇది వంటకా, విమానం లేపడానికా?" అంది. ఇద్దరి మధ్యా నేను. నీ శాస్త్రం ఏమంటుందో త్వరగా రాయి.

నీ అక్క,
నఫోసత్

*

సమర్‌కంద్,
12 మార్చి

తీపి చెయ్యి గల అక్కకి,

ముందుగా శుభవార్త. పిల్లల ముందు లేచి నిలబడి క్షమాపణ చెప్పుకున్నాను. మోహినూర్ క్షమించింది. కర్ర నాయనమ్మ ఇంకా ఆలోచిస్తోందట.

రెండో శుభవార్త. సుమలక్ రహస్యం ఛేదించాను. మా ప్రొఫెసర్ గారు మెట్లెక్కుతుంటే పక్కనే ఎక్కుతూ అడిగాను. "మొలకెత్తిన గింజలో ఒక ఎంజైమ్ పుడుతుందోయ్. అది పిండిపదార్థాన్ని ముక్కలుగా కత్తిరించి చక్కెర చేస్తుంది" అన్నారు. అయ్యబాబోయ్ అనుకుని, మిగతాది వినకుండా కిందికి పరిగెత్తి నోట్సులో రాసుకున్నాను. అంటే నీ చీకటి గదిలో ఇప్పుడు కొన్ని కోట్ల మంది దర్జీలు కత్తెరలు నూరుకుంటున్నారు. గింజ ఉబ్బడం భౌతికం, దర్జీలు పుట్టడం రసాయనం, పిండి చక్కెర కావడం మహా రసాయనం.

ఇక తీర్పు. వేడి పెరిగితే రసాయన మార్పు వేగం పెరుగుతుంది. నలభై రెండో పేజీ, పై నుంచి మూడో వాక్యం. హోజర్ అవ్వ వయసుకి నా సలాములు. కానీ వేలు థర్మామీటర్ కాదు, బిస్మిల్లా గడియారం కాదు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా గోరువెచ్చటి కొప్పెర చుట్టూ పాతికమంది ఆడవాళ్ళు కూర్చోవడం శాస్త్రం కాదు, కబుర్లు. మొదటి నిమిషం నుంచే మూడు వరసలూ వెలిగించండి. దర్జీలు చకచకా కత్తిరిస్తారు. రాత్రంతా జాగారం అక్కర్లేదు, సాయంత్రం అసర్ నమాజుకల్లా గిన్నెలు పంచుకోవచ్చు. మూడు వరసలూ వెలిగించమన్న వాక్యం కింద రెండు గీతలు గీశాను చూడు. ఒకటి నాది, ఒకటి శాస్త్రానిది.

నీ శాస్త్ర సలహాదారు,
ఉక్తం

*

షహ్రిసబ్జ్,
23 మార్చి

ఉక్తం,

చెడిపోయింది.

మొలకలు ఎంత బాగా వచ్చాయో. సూదుల్లా తెల్లగా, వేళ్ళు అల్లుకుని చాపలా. హోజర్ అవ్వ కూడా చూసి "మాషా అల్లాహ్" అంది. రుబ్బాం, పిండాం, పోశాం. నీ రెండు గీతల వాక్యం అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడకి కావలసింది అదే. తన చేత్తో మూడు మరలూ తిప్పింది. అవ్వ వేలు పెట్టి, "బిస్" అని, తీసేసి, తలగుడ్డ కొంగులో దాచుకుంది. "ఇక మీ ఇష్టం" అని పోయి మంచం మీద కూర్చుంది.

గంటలో చిక్కబడింది. అందరూ మెచ్చుకున్నారు. తెడ్డు తిప్పి తిప్పి చేతులు పడిపోయినా రంగు మాత్రం రాలేదు. అసర్‌కి మూత తీసి అత్తయ్య మొదటి చెంచా నోట్లో పెట్టుకుంది. తర్వాత అవ్వ. చెంచా తుడిచి పక్కన పెట్టింది. నేను తిన్నాను. గోడకి కాగితాలు అంటించే జిగురురా అది. ఒక్క పిసరు తీపి లేదు.

నలభై ఇళ్ళకి గిన్నెలు కడిగి వరసలో పెట్టి ఉన్నాయి. అలాగే తీసి లోపల పెట్టాం. కోళ్ళకి వేస్తే కాళ్ళు అంటుకుని వాకిలంతా కుంటుకుంటూ తిరిగాయి.

ఎవరో అన్నారు, "మొలకల మీద ఎవరి కన్నో పడింది" అని. ఎవరి కన్ను? తాళం ఒక్కరి దగ్గరే ఉంది కదా. అత్తయ్య తిట్టి ఉంటే బాగుండేది. "పోనీలే పిల్లా" అంది, రోగిష్టి వాళ్ళతో మాట్లాడినట్టు.

ఏప్రిల్ పన్నెండున మళ్ళీ వేస్తారట. ఈసారి మొలకలు అత్తయ్యే కడుతుంది. తాళం తీసుకుంది. ఆ గది గుమ్మం ముందు నుంచి కూడా వెళ్ళొద్దంది. రెండోది తీపిగా దిగితే, మొదటిది నా వల్లే చెడిందని తేలిపోతుంది. ఇక నా చెయ్యి ఎప్పటికీ అంతే. నా కళ్ళు అంత చెడ్డవా ఉక్తం?

నఫోసత్

*

సమర్‌కంద్,
25 మార్చి

అక్కా,

ఆ కళ్ళ గురించి ఇంకెవరైనా మాట్లాడితే నా దగ్గరికి పంపు. చిన్నప్పుడు నా పరీక్ష కాగితాలన్నీ నువ్వు చూశాకే నాన్న దగ్గరికి వెళ్ళేవి. వాటిల్లో మార్కులు చెడింది నా వల్ల, నీ చూపు వల్ల కాదు.

ఆధారం లేకుండా నేరం మోపడం శాస్త్రానికి పడదు. మీ ఇంట్లో దెబ్బలకి రాసే అయోడిన్ ఉంటుంది కదా? పిండిపదార్థం మీద ఒక చుక్క పడితే నీలం అవుతుంది. చక్కెర మీద అవ్వదు. మిగిలిన సుమలక్ తీసుకుని, నిన్ను అన్నవాళ్ళందరినీ పిలిచి, వాళ్ళ ముందు ఒక్క చుక్క వెయ్యి. నీ మొలకలు అంత తెల్లగా వచ్చాయంటే దర్జీలు పని చేసే ఉంటారు, పిండి మొత్తం చక్కెర అయ్యే ఉంటుంది. నీలం రాదు. తీపి తెలియకపోవడం ఆ నాలుకల తప్పు. పొద్దున్నుంచీ హల్వా తింటూ కూర్చుని ఉంటారు.

ధైర్యంగా వెయ్యి. శాస్త్రం మన పక్షాన ఉంది.

ఉక్తం

*

షహ్రిసబ్జ్,
29 మార్చి

శాస్త్రం ఎవరి పక్షాన ఉందో చెబుతా విను.

పదకొండు మందిని పిలిచాను. టీ పోశాను. మీ బావ పాల వ్యాను కడుగుతున్నట్టు నటిస్తూ కిటికీ దగ్గర నిలబడ్డాడు. "ఇది నీలం కాకపోతే నా మొలకలు మంచివని అర్థం" అని నేనే ముందుగా చెప్పాను. అందరూ గిన్నె చుట్టూ వంగారు. చుక్క వేశాను.

నల్లబడింది. నీలం కూడా కాదు, సిరాబుడ్డి లోపలి నలుపు. ఎదురింటి రోబియా "వామ్మో!" అని టీ ఒళ్ళో పోసుకుంది. ఇంకొకావిడ ఇసిరిక్ ఆకు నిప్పుల మీద వేసి ఆ దిష్టి పొగ నా చుట్టూ మూడు సార్లు తిప్పింది, తర్వాత గిన్నె చుట్టూ, తర్వాత దేనికైనా మంచిదని మీ బావ చుట్టూ కూడా. వీధిలో ఇప్పుడు నేను సుమలక్‌ని సిరా చేసిన కోడల్ని. వ్యాను వెనక్కి వెళ్ళి మీ బావ ఎంతసేపు నవ్వాడో నాకు తెలుసు. రాత్రి అన్నం పెట్టలేదు.

ఇక నాకు శాస్త్రం పంపకు. ఒక్క ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పు. హాస్యాలు వద్దు. నా మొలకల్లో లోపం ఉందా, లేదా? ఆ రోజు రుబ్బకుండా మిగిలిన రెండు గుప్పెళ్ళు డాబా మీద ఆరబెట్టి, రుమాల్లో కట్టి దాచుకున్నాను. లోపం ఉంటే పారేస్తాను.

నఫోసత్

*

సమర్‌కంద్,
2 ఏప్రిల్

అక్కా,

పారెయ్యకు. నీ మొలకల్లో లోపం లేదు. లోపం నాలో ఉంది.

నువ్వు నల్లబడిందని రాశాక ఆ రోజు పాఠం చెప్పలేకపోయాను. నల్లబడిందంటే పిండి పిండిగానే ఉంది. దర్జీలు ఒక్క గుడ్డ కూడా కత్తిరించలేదు. ఎందుకు? సియాబ్ బజారుకి వెళ్ళి ఒక ముసలామె దగ్గర మొలకలు కొన్నాను. బడిలో రుబ్బి, పాలు పిండి, రెండు గ్లాసుల్లో పోసి, రెండింట్లోనూ పల్చటి పిండి జావ కలిపాను. ఒకదాన్ని నేను నీకు చెప్పినట్టు మొదట్లోనే మరిగించాను. రెండోదాన్ని వెచ్చగా ఉంచుదామనుకున్నాను. ఎంత వెచ్చగా? బడికి ఉన్న ఒక్క థర్మామీటరూ నాకంటే ముందు ఏ సారో పగలగొట్టాడు. అప్పుడు మోహినూర్, "సార్, వేలు పెట్టి లెక్కపెట్టండి, మా నాయనమ్మ అలాగే చేస్తుంది" అంది. కర్ర నాయనమ్మే.

పెట్టాను. నెమ్మదిగా ఏడు బిస్మిల్లాలు చెప్పాను. ముప్పై ఒక్క మంది నాతోపాటు చెప్పారు. పక్క తరగతి సారు ఎవరో పోయారనుకుని టోపీ సర్దుకుంటూ వచ్చాడు.

రెండు గంటల తర్వాత అయోడిన్ వేశాం. మరిగించినది నల్లబడింది. వెచ్చగా ఉంచినది నల్లబడలేదు, ఎర్రటి గోధుమ రంగు తిరిగింది. అయోడిన్ పడని మిగతా సగం పిల్లలు వేళ్ళతో నాకి చూశారు. మొదటిది జిగురు, రెండోది తీపి. ఒకే మొలకలు. నమ్మబుద్ధి కాక మరో రెండు సార్లు చేశాను. రెండు సార్లూ అంతే.

మళ్ళీ ప్రొఫెసర్ గారిని పట్టుకున్నాను. "మరిగిస్తే ఆ ఎంజైమ్ చస్తుందోయ్. అదే చెప్పబోతుంటే నువ్వు మెట్లు దిగి పారిపోయావు" అన్నారు. అది కోడిగుడ్డులో తెల్లసొన లాంటిదేనట. ఉడికిన గుడ్డు పొదిగినా పిల్ల కాదు. వేడి రసాయన మార్పుని తొందరపెడుతుంది, నిజమే. కానీ ఆ మార్పు చేసే పనివాణ్ణే ఉడకబెడితే ఇంక పని ఎవరు చేస్తారు? అది నలభై మూడో పేజీలో ఉంది. నేను నలభై రెండు దాకానే చదివాను.

హోజర్ అవ్వ వేలు థర్మామీటరే. బిస్మిల్లా గడియారమే. నేనే సారుని కాదు.

నీ రుమాల్లో ఉన్నవి తీసి రుబ్బు. ఎండినా ప్రాణం పోదు. ఒక గిన్నె ముందే మరిగించు. ఒక గిన్నెని ఏడు బిస్మిల్లాల వేడిలో రెండు గంటలు ఉంచు. అందరికీ చూపించు. తప్పు ఎవరిదని అడిగితే నా పేరు చెప్పు. నా ఉత్తరం చూపించు, రెండు గీతలూ నావే. ఇది హాస్యం కాదు.

ఉక్తం

*

షహ్రిసబ్జ్,
6 ఏప్రిల్

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి ముందు నిన్ను తిట్టుకున్నాను, తర్వాత ఏడ్చాను, తర్వాత మళ్ళీ తిట్టుకున్నాను. ఏడ్చింది సంతోషంతోనే. రెండోసారి తిట్టింది ఎందుకంటే, నువ్వు ఎంత తేలిగ్గా "అందరికీ చూపించు" అన్నావో చూడు. మంట వల్ల చెడిందంటే పొయ్యి ఎవరిది? మరలు తిప్పిన చెయ్యి ఎవరిది? నా మొహం కడుక్కున్న నీళ్ళు అత్తయ్య మొహం మీద చల్లాలా? అలా తీపి చెయ్యి అనిపించుకుని ఆ ఇంట్లో ఎలా తిరగను?

అందుకని ఎవర్నీ పిలవలేదు. మీ బావ పాలకి వెళ్ళాక రెండు గిన్నెలూ తయారు చేసి, వంటింట్లో అత్తయ్య ముందు పెట్టాను.

"ఏంటిది?"

"రుచి చూడండి అత్తయ్యా."

మొదటిది చూసి మొహం ముడిచింది. "అదే జిగురు. ఎందుకు గుర్తుచేస్తావు?" రెండోది చూసింది. చెంచా మళ్ళీ ముంచింది. మూడోసారి కూడా ముంచింది. "ఇవి ఎవరి మొలకలు?"

"రెండూ ఆ రోజువే. నేను కట్టినవే. ఒకటి ముందే మరిగించాను, ఒకటి వెచ్చగా ఉంచాను. అంతే తేడా."

కిటికీలోంచి వాకిట్లో గుడ్డ కప్పిన పొయ్యి కనబడుతోంది. అత్తయ్య దాన్నే చూస్తోంది.

"మూడు వరసలూ వెలిగించమన్నది ఎవరు?"

"మా తమ్ముడు."

"వెలిగించింది ఎవరు?"

నేను తల దించుకున్నాను.

"నేను" అంది అత్తయ్యే. "హోజర్ అవ్వ చెప్పింది, వినలేదు. పొయ్యి చూపించుకోవాలని ఆత్రం." నా వైపు తిరిగి, "ఇంతకీ ఉత్ప్రేరకం అంటే ఏంటో ఇప్పుడు నిజం చెప్పు. బోతిర్ చదివేటప్పుడు వాడి చెవులు ఎర్రబడ్డాయి. కన్నదాన్ని, నాకు తెలీదా?"

చెప్పేశాను. ఇంకేం దాచను? తాను మారకుండా పక్కవాళ్ళని మార్చేది అన్నాను. అత్తయ్య గిన్నె అడుగు దాకా తుడిచి తింది.

"మీ తమ్ముడికి రాయి, ఆ పాఠం కూడా తప్పేనని" అంటూ, నడుము నుంచి చీకటి గది తాళం తీసి నా ముందు పెట్టింది. "నిన్న రాత్రే నానబోశాను. నీళ్ళు చల్లే వేళయింది, పో."

ఇంకా అయిపోలేదు. వీధి వీధంతా నమ్మాలి కదా. పన్నెండో తారీఖున కొప్పెర ఎక్కించే ముందు అందరి ఎదుటా చదవడానికి నువ్వు ఒక కాగితం రాసి పంపాలట. నీ తప్పు, నీ పేరు, నీ సంతకం. "పొయ్యి సంగతి?" అని అడిగాను. "అది నేను చెప్పుకుంటాలే" అంది.

నఫోసత్

*

సమర్‌కంద్,
9 ఏప్రిల్

అక్కా,

కాగితం ఇదిగో. చదివేవాళ్ళు గొంతు సవరించుకుని, ముగ్గురు చనిపోయిన ఇంట్లో చదివినట్టు చదవాలి.

"షహ్రిసబ్జ్‌లోని మా అక్క వీధి తల్లులకీ, అక్కలకీ, ముఖ్యంగా హోజర్ అవ్వకీ. నేను, ఉక్తం, ఇంకా సారుని కాని సారుని, సగం పాఠం చదివి సలహా ఇచ్చాను. మూడు వరసలూ వెలిగించమన్నది నేనే. దాంతో మొలకల్లో ఉన్న ప్రాణం ఉడికి చచ్చింది. పిండి పిండిగానే మిగిలింది. అయోడిన్ నల్లబడింది అందుకే. అది ఎవరి కన్నూ కాదు. మా అక్క మొలకలు బంగారం. ఇకమీదట మా బడిలో వేడి కొలత ఇలా చెబుతాను: వేలు పెట్టలేనిది ఒక బిస్మిల్లా, టీ చల్లారితే ఇరవై బిస్మిల్లాలు, సుమలక్ మొదటి పూట సరిగ్గా ఏడు. ఈ కొలత కనిపెట్టినవారు హోజర్ అవ్వ. పుస్తకంలో ఆమె పేరు లేకపోవడం పుస్తకం లోపం. శిక్ష ఏది వేసినా అనుభవిస్తాను, క్యారెట్లు తరగడం తప్ప, అది నాకు రాదు."

పెద్ద సంతకం పెట్టాను. అక్కా, ఎలా జరిగిందో ఆ రోజే రాయి. అప్పటిదాకా నాకు అన్నం సయించదు. ఇది రసాయన మార్పో భౌతిక మార్పో చూసే ఓపిక లేదు.

ఉక్తం

*

షహ్రిసబ్జ్,
14 ఏప్రిల్

తమ్ముడూ,

అస్సలాము అలైకుం. ముందు నువ్వు కాస్త తిను. తర్వాత చదువు.

మగాళ్ళు లోపలికి రాకూడదు కాబట్టి మీ బావ గేటు బయట నిలబడి, సందులోంచి నోరు పెట్టి నీ కాగితం చదివాడు. లోపలున్న వాళ్ళకి ఒక మీసం, కొంచెం కాగితం కనబడ్డాయి. "ముగ్గురు చనిపోయిన ఇంట్లో చదివినట్టు" అన్నది కూడా పైకే చదివేశాడు. రోబియా నవ్వాపుకోలేక మళ్ళీ టీ పోసుకుంది. అవ్వ మాత్రం నవ్వలేదు. "కుర్రాడు మంచివాడే. వాణ్ణి ఎవరు సార్‌ని చేశారో వాళ్ళని పట్టుకోవాలి" అంది.

నీ కాగితం అయ్యాక అత్తయ్య లేచింది. "మరలు తిప్పింది నేను. అవ్వ వద్దంది, నా కోడలు అడ్డు చెప్పలేదు, చెప్పే హక్కు నేనివ్వలేదు" అని, ఇక ఎవరూ ఏమీ అనే వీల్లేకుండా కట్టెలు సర్దడానికి వంగింది. పొయ్యి సంగతి అంతటితో ముగిసింది. ఆవిడ అంత మాట అనడానికి ఎంత కష్టపడిందో నాకొక్కదానికే తెలుసు. పొద్దున్న అన్నీ మూడు సార్లు కడిగింది, కడిగినవే.

కొప్పెర ఎక్కించారు. మొలకల పాలు పోశారు. అవ్వ వేలు పెట్టబోయి ఆగింది. "నా చర్మం చచ్చిపోయిందే పిల్లా, వేడి సరిగ్గా తెలియడం లేదు. నువ్వు పెట్టు" అంది. అబద్ధం అని అందరికీ తెలుసు. అవ్వ ఇప్పటికీ తందూరులోంచి రొట్టెలు ఉత్త చేతులతో తీస్తుంది, అదే చేత్తో ఈగ వాలితే తెలుసుకుంటుంది. పెట్టాను. నిదానంగా చెప్పాను. ఏడోదాని దగ్గర వేలు చురుక్కుమంది. "చాలు, ఇదే" అన్నాను. పాతికమంది ఆడవాళ్ళు నా మాట మీద కట్టె వెనక్కి లాగారు. నాలుగు సార్లు లాగించాను, రెండు సార్లు ఎగదోయించాను. వేలు బొబ్బ ఎక్కింది. ఏం ఫరవాలేదు.

మధ్యాహ్నానికే, ఇంకా పల్చగా ఉండగానే, చెంచా కొసన తీపి తగిలింది. ఎవరికీ చెప్పలేదు. అత్తయ్య వైపు చూశాను. ఆవిడ అప్పటికే నా వైపు చూస్తోంది. తర్వాత మంట పెంచాం, తెడ్డు తిప్పుతూనే ఉన్నాం. మర్నాడు తెల్లవారుజామున ఫజర్ నమాజు తర్వాత మూత తీస్తే కాల్చిన ఖర్జూరం రంగు.

నలభై గిన్నెలు. మా ఇంటి నుంచి గిన్నె వెళితే తీసుకెళ్ళేవాళ్ళు "సబోహత్ గారు పంపారు" అని అత్తయ్య పేరే చెప్పాలి. ఎప్పుడూ అంతే, పెళ్ళి గిన్నె అయినా, చావు గిన్నె అయినా. నిన్న అత్తయ్య గేటు దగ్గర నిలబడింది. గిన్నె చేతికిస్తూ ఒక్కొక్కరికీ అదే మాట చెప్పింది. "నఫోసత్ సుమలక్ అని చెప్పు. ఏమని చెబుతావు? మళ్ళీ చెప్పు."

ముప్పై తొమ్మిది గిన్నెల దాకా నేను తలుపు వెనక నిలబడి విన్నాను. నలభయ్యోది నేనే పట్టుకుని బయటికి వచ్చాను.

నీ అక్క,
నఫోసత్